గుర్రాలకేం.. తుప్పుతోనే తంటా!

సినిమాల్లో టైర్లు కాలుస్తూ దూసుకెళ్లే అమెరికన్ మజిల్ కార్లు 1960ల్లో కుర్రకారు కోసం చవగ్గా, హడావుడిగా తయారైనవి. అరవై ఏళ్ల తర్వాత వాటిని ఇంటి గ్యారేజీలో విప్పి, తుప్పు వదిలించి, మళ్లీ రోడ్డెక్కించేవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి ఓపిక పడుతున్నారు. ఆ పని ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ చిక్కుపడుతుంది? అసలు ఎక్కడ ఆపాలి?

అమెరికాలో పాత కార్ల పోటీలు జరిగేచోట న్యాయనిర్ణేతలు టార్చిలైటు పట్టుకుని కారు కిందికి దూరతారు. వాళ్లు వెతికేది మెరుపుల్ని కాదు, మరకల్ని. బోల్టు బిగించడం అయిందన్న గుర్తుగా ఫ్యాక్టరీలో ఎవరో వేసిన పసుపు చుక్క, వెనక యాక్సిల్ మీద సుద్దతో గీసిన గీత, అడుగున రేకు అంచుల మీద పడిన బాడీ రంగు తుంపర.. ఇవన్నీ ఉండాల్సినచోట ఉన్నాయో లేదో చూస్తారు. లేకపోతే మార్కులు తగ్గిస్తారు. మస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా పోటీల్లో ఇలాంటి బళ్ల కోసం 'థరోబ్రెడ్' అని ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది.

గంటకు యాభై అరవై కార్లు కదిలిపోయే లైనులో ఓ కార్మికుడు రెండు సెకన్లలో పులిమేసి వెళ్లిన రంగు అది. దాన్నే ఇప్పుడొకాయన పాత ఫొటోలు ముందేసుకుని, సన్న కుంచె పట్టుకుని, ఊపిరి బిగబట్టి మళ్లీ వేస్తున్నాడు. ఇంట్లో కారు బాగుచేసుకునే వాళ్లంతా అంత దూరం వెళ్లరు. కానీ పాత బండిని 'మునుపటిలా చేయాలి' అనుకున్న ప్రతి మనిషికీ మొదటిరోజే ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఇదే. మునుపంటే ఎప్పుడు? ఫ్యాక్టరీ గేటు దాటిన రోజా, లేక వీధిలో తిరిగిన రోజులా?

300 డాలర్ల అల్లరి

మజిల్ కారు ఒక కంపెనీ నిబంధనలో సందు వెతకడం వల్ల పుట్టింది. 1963 మొదట్లో జనరల్ మోటార్స్ యాజమాన్యం తన విభాగాలేవీ రేసుల జోలికి పోకూడదని కట్టడి చేసింది. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదన్న నియమమూ ఉండేది. పాంటియాక్ విభాగం చీఫ్ ఇంజినీరు జాన్ డెలోరియన్ బృందానికి అందులో ఓ లొసుగు దొరికింది. ఆ నియమం మోడళ్లకే గానీ, కొనేవాళ్లు అదనంగా కోరుకునే సరంజామాకి వర్తించదు! వెంటనే పెద్ద కార్లలో వాడే 389 ఘనపుటంగుళాల వి-8 ఇంజిన్ని, అంటే దాదాపు 6.4 లీటర్ల దాన్ని, 1964 టెంపెస్ట్ అనే మధ్యతరహా కారులో పెట్టి 'జీటీవో' అని పేరు తగిలించారు. అదనపు ధర సుమారు 300 డాలర్లు. అయిదు వేలు అమ్ముడైతే గొప్పే అనుకుంటే, ఆ ఏడాది 32,450 పోయాయి.

అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ని బయటపెట్టింది. ప్రారంభ ధర 2,368 డాలర్లు. మొదటి పన్నెండు నెలల్లో 4,18,812 కార్లు అమ్ముడయ్యాయి. పట్టింపు ఉన్నవాళ్లు దీన్ని మజిల్ కారు అనరు, 'పోనీ కారు' అంటారు. కానీ కొన్నాళ్లకే దాని ముక్కు కిందా పెద్ద ఇంజిన్లు చేరాయి కాబట్టి ఆ తగాదా మనకెందుకు! 1967 మోడలుగా షెవర్లే కమారో వచ్చింది. 1968లో డాడ్జ్ చార్జర్ కొత్త రూపం ఎత్తింది. అదే ఏడాది ప్లిమత్ 'రోడ్ రన్నర్' పేరుతో, లోపల హంగులేమీ లేకుండా పెద్ద ఇంజిన్ ఒక్కటే ఉన్న చవక కారుని తెచ్చింది. కార్టూన్ పక్షి పేరూ బొమ్మా వాడుకున్నందుకు వార్నర్ బ్రదర్స్‌కి డబ్బు కట్టి, హారన్ కూడా 'బీప్ బీప్' అనేలా చేయించింది. 1970 నాటికి షెవర్లే వాళ్ల షెవెల్ ఎస్ఎస్‌లో 454 ఘనపుటంగుళాల ఎల్ఎస్-6 ఇంజిన్ 450 హార్స్‌పవర్ అని రాసుకుంది. దాని పరిమాణం దాదాపు 7.4 లీటర్లు. ఆ రోజుల్లో మన అంబాసిడర్‌కి ఉన్నది ఒకటిన్నర లీటరు ఇంజిన్.

ఆ ఊపు ఎంతో కాలం నిలవలేదు. కుర్రాళ్లు నడిపే ఇలాంటి బళ్లకి బీమా కంపెనీలు ప్రీమియం పెంచేశాయి. 1970లో వాయు కాలుష్య చట్టం పదునెక్కింది. 1971 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్ ఇంజిన్ల కంప్రెషన్ తగ్గించింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేయడంతో పెట్రోలు బంకుల ముందు బారులు మొదలయ్యాయి. నిన్నటిదాకా కలల బండి అయినది సెకండ్‌హ్యాండ్ దుకాణంలో ఎవరికీ పట్టని ఇనుముగా మిగిలింది. ఆరుబయట, చెట్ల కింద, కొట్టాల్లో వదిలేసిన ఆ బళ్లే ఇప్పుడు గ్యారేజీలకు చేరుతున్నాయి.

ఇంట్లో ఎలా సాధ్యం?

ఈ కార్లలో కంప్యూటర్ లేదు. ఇంధనాన్నీ గాలినీ కలిపేది కార్బురేటర్, నిప్పు రవ్వ పుట్టించేది డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు. బానెట్ ఎత్తితే ఇంజిన్ చుట్టూ చేతులు తిరిగేంత చోటు ఉంటుంది. పానాల సెట్టు, జాకీ, టైమింగ్ లైటు, ఫ్యాక్టరీ షాప్ మాన్యువల్ పునర్ముద్రణ ఉంటే చాలా పని జరిగిపోతుంది.

అంతకన్నా పెద్ద కారణం సంఖ్య. ఒక్క 1966 మోడల్ మస్టాంగ్‌లే 6,07,568 తయారయ్యాయి. షెవర్లే 350 ఇంజిన్ 1967 కమారోలో మొదలై ఎన్నో రకాల కార్లలోకి, ట్రక్కుల్లోకి వెళ్లింది. లక్షల్లో ఉన్న బండికి విడిభాగాల బజారు దానంతటదే పుడుతుంది. తలుపు కింద రబ్బరు దగ్గర్నుంచి డాష్‌బోర్డు గడియారం వరకూ, ఫెండర్ నుంచి నేల రేకు వరకూ కొత్తగా అచ్చు పోసినవి కేటలాగులో చూసి తెప్పించుకోవచ్చు. చట్టం కూడా కొంత దయ చూపిస్తుంది. పొగ పరీక్షల్లో అమెరికాలోకెల్లా కఠినమని పేరున్న కాలిఫోర్నియాలో సైతం 1975, అంతకుముందు మోడళ్లకి ఆ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది.

బానెట్ తర్వాత, ముందు కార్పెట్

కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లు బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు. పాతకాపులు మోకాళ్ల మీద కూచుని కార్పెట్ ఎత్తుతారు.

ముందుగా చదవాల్సింది నంబరు. 1965 మస్టాంగ్‌లో ఎడమవైపు ఇంజిన్ గది గోడ మీద కొట్టిన అంకెలు '5ఆర్09సి' అని మొదలయ్యాయనుకుందాం. అయిదు అంటే 1965. ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్‌హోసే ఫ్యాక్టరీ. 09 అంటే వెనక పైకప్పు వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్. సి అంటే రెండు బ్యారెళ్ల కార్బురేటర్‌తో ఉన్న మామూలు 289 వి-8. ఆ ఆఖరి అక్షరం 'కె' అయితే 271 హార్స్‌పవర్ ఇంజిన్ అన్నమాట, ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే అక్షరాలు దిద్దే మోసగాళ్లూ ఉంటారు. 1967 నుంచి తయారైన ఫోర్డ్ కార్లకైతే కంపెనీ ఉత్పత్తి రికార్డుల ఆధారంగా ఇచ్చే 'మార్టీ రిపోర్ట్' దొరుకుతుంది. ఏ రంగుతో, ఏ ఇంజిన్‌తో, ఏ డీలరు కోసం తయారైందో అందులో తేలిపోతుంది.

తర్వాత జేబులోంచి అయస్కాంతం తీయాలి. వెనక చక్రాల మీది రేకుకి, తలుపుల కింది అంచులకి ఆనించి చూడాలి. అంటుకోకుండా జారిపోయిందంటే అక్కడున్నది ఇనుము కాదు, రంగు కింద దాచిన లప్పం. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో లాంటి రాష్ట్రాల బళ్లలో ఇది మరీ ఎక్కువ. అరిజోనా ఎడారిలో నిలబడిన బండికి సీట్లు చిట్లి, డాష్‌బోర్డు పగిలి, రంగు వెలిసిపోయి ఉండొచ్చు. కానీ రేకు గట్టిగా ఉంటుంది. సీట్లు మార్చడం తేలిక కాబట్టే తెలిసినవాళ్లు అందవికారంగా ఉన్న ఎడారి బండికే ఓటేస్తారు.

తొలితరం మస్టాంగ్ కొనేవాళ్లు చేసే పరీక్ష ఇంకొకటుంది. అద్దం ముందు, వైపర్ల దగ్గర గాలి లోపలికి వెళ్లే సన్నటి చీలికల జల్లెడ ఉంటుంది. దాని కింద రెండు రేకుల మధ్య డొల్ల. దీన్ని కౌల్ అంటారు. కారు లోపలికి గాలి వెళ్లే రంధ్రాల చుట్టూ, నీళ్లు లోపల పడకుండా, టోపీ ఆకారంలో చిన్న గట్టు కట్టారు. రాలిన ఆకులు అక్కడ పేరుకుని, వాన నీటితో కుళ్లి, ఆ గట్టు మొదట్లోనే రేకుని తినేస్తాయి. డొల్ల లోపలివైపు ఫ్యాక్టరీలో రంగు సరిగా అందలేదు. ఇప్పుడు చెంబుడు నీళ్లు ఆ జల్లెడలో పోసి, లోపల డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చూడాలి. నీళ్లు రెండు పక్కల నుంచీ బయటికి వెళ్లిపోతే అదృష్టం. పాదాలు పెట్టుకునేచోట తడి తగిలితే మాత్రం లెక్క మారిపోతుంది. ఆ పై రేకు ఊడదీయడానికి వందకు పైగా చుక్క వెల్డింగులు ఒక్కొక్కటీ డ్రిల్లుతో తొలవాలి. లోపల బాగుచేసి మళ్లీ అన్నీ అతకాలి. బయటి నుంచి చూసేవాడికి ఆ పనిలో వీసమెత్తు కూడా కనబడదు.

విప్పడం ఎవరైనా చేస్తారు

కారు విప్పడం సరదా. ఒకట్రెండు వారాంతాల్లో బంపర్లు, సీట్లు, ఫెండర్లు, ఇంజిన్ అన్నీ నేల మీదికొస్తాయి. చాలా బళ్ల కథ అక్కడే ముగుస్తుంది కూడా. ఉద్యోగం మారుతుంది, పిల్లలు పుడతారు, అట్టపెట్టెల్లో బోల్టులు కలిసిపోతాయి. ఆఖరికి 'విప్పిన కారు, భాగాలన్నీ ఉన్నాయి' అన్న ప్రకటనతో ఇంకొకరి గ్యారేజీకి చేరుతుంది. అలాంటి బండి కొన్నవాడికి అన్నీ ఉన్నాయో లేదో తెలిసేది బిగించేటప్పుడే.

దీనికి మందు వేగం కాదు, రాత. ప్రతి భాగాన్నీ విప్పకముందే ఫొటో తీయాలి. దాని బోల్టులు జిప్ కవర్లో వేసి, ఎక్కడివో రాసిన చీటీ అందులోనే పెట్టాలి. పనికిరాదనిపించిన రబ్బరు ముక్కని కూడా కొత్తది బిగించేదాకా పారేయకూడదు. కొత్తగా అచ్చు పోసిన భాగం ఒక్కోసారి పావు అంగుళం తేడాగా వస్తుంది, సరిచూసుకోవడానికి పాతదే ఆధారం.

అసలు మొత్తం విప్పనక్కర్లేని దారీ ఒకటుంది. బండి కదిలే స్థితిలో ఉంటే ముందు బ్రేకులు, తర్వాత స్టీరింగు, ఆ తర్వాత వైర్లు.. ఇలా ఒక్కో భాగమే బాగుచేసుకుంటూ మధ్యమధ్యలో నడుపుకోవచ్చు. ఎండాకాలం తిప్పి, చలికాలం పని పెట్టుకోవచ్చు. పేరు తెచ్చిపెట్టే పద్ధతి కాదిది. కానీ రోడ్డు మీదికి చేరే బళ్లు ఈ దారిలోనే ఎక్కువ.

రేకు పని

విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ముందు కాసేపు నిలబడినవాళ్లకి ఈ ఘట్టం కొత్తగా అనిపించదు. సుత్తి, డాలీ, కత్తెర, వెల్డింగ్ టార్చి.. సామాను అదే. తేడా ఏమిటంటే ఇక్కడ గుద్దుకున్న సొట్ట కాదు తీయాల్సింది, కనబడకుండా పోయిన ఇనుముని తిరిగి తేవాలి.

జీటీవో, షెవెల్ లాంటి బళ్లకి కింద విడిగా ఛాసిస్ ఉంటుంది. బాడీ ఎత్తేసి పని చేసుకోవచ్చు. మస్టాంగ్, చార్జర్ అలా కాదు. వాటికి బాడీయే ఛాసిస్. నేల రేకు, పక్క దూలాలు కలిసి బరువంతా మోస్తాయి. తుప్పు పట్టిందని రెండు దూలాలూ ఒకేసారి కోసేస్తే కారు నడుము వంగుతుంది. ఆ సంగతి తలుపు మూసుకోనప్పుడు గానీ బయటపడదు. అందుకే కోతకి ముందు తలుపు చట్రాల మధ్య ఇనుప కడ్డీలు అడ్డంగా అతికి, కొలతలు రాసుకుని, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకుంటారు.

రేకు మందం మిల్లీమీటరు లోపే. ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాయువు రక్షణలో సన్నటి తీగతో మిగ్ వెల్డింగ్ చేస్తారు. ఒకే గీతగా లాగితే వేడికి రేకు అలలు తేలుతుంది. ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, అది చల్లారాక మళ్లీ మొదటిదాని పక్కన ఇంకొకటి.. ఇలా చుక్కలన్నీ కలిసేదాకా తిరుగుతూనే ఉండాలి. ఒక మనిషి రోజంతా కూచుంటే మూరెడు అతుకు పూర్తయితే గొప్ప. దాన్ని సానపట్టి నునుపు చేశాక కొత్త రేకు ఎక్కడ మొదలైందో వేలికి తెలియకూడదు.

ఇంజిన్.. పేరు గొప్ప, పని తేలిక

వినడానికి వింతగా ఉంటుంది గానీ, మొత్తం పనిలో సూటిగా సాగిపోయేది ఇంజినే. తుప్పుకి హద్దు ఉండదు, ఇంజిన్‌కి కొలతలుంటాయి. బ్లాకుని మెషీన్ షాపుకి పంపితే వేడి రసాయనంలో కడిగి, పగుళ్లు వెతికి, సిలిండర్లు రీబోర్ చేసి ఇస్తారు. షెవర్లే 350 సిలిండర్ అడ్డుకొలత సరిగ్గా నాలుగు అంగుళాలు. దాన్ని అంగుళంలో వెయ్యో వంతులు ముప్పై పెంచడం, అంటే 0.76 మిల్లీమీటర్లు పెంచడం, రివాజు. దానికి తగ్గ పిస్టన్లు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇంటికి తెచ్చాక బిగించే పనిలో ఒక అందం ఉంది. క్రాంక్ షాఫ్టుకీ బేరింగుకీ మధ్య నూనె పొర పట్టేంత ఖాళీ ఉండాలి. అది దాదాపు అంగుళంలో వెయ్యో వంతులు రెండు, ఒక వెంట్రుక మందం. దాన్ని కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే సన్నటి మైనపు దారం ఉంది. ముక్క తుంచి షాఫ్టు మీద పెట్టి, బేరింగు మూత బిగించి, టార్క్ రెంచితో చెప్పినంత బిగువు ఇచ్చి, మళ్లీ విప్పి చూడాలి. దారం నలిగి పట్టీ అయి ఉంటుంది. దాని వెడల్పుని కవరు మీద అచ్చేసిన గీతలతో పోల్చి చూస్తే ఖాళీ ఎంతో తెలుస్తుంది. పట్టీ మరీ వెడల్పుగా ఉంటే ఖాళీ చాల్లేదని, సన్నగా ఉంటే ఎక్కువైందని లెక్క. ఎలక్ట్రానిక్ పరికరమేదీ లేకుండా, కొన్ని డాలర్ల దారంతో వెయ్యో వంతు అంగుళాన్ని కళ్లతో చూడొచ్చు.

మొదటిసారి స్టార్ట్ చేసే అరగంటే అసలు పరీక్ష. ఆ కాలపు క్యామ్ షాఫ్టు మీద లిఫ్టర్లు రాసుకుంటూ తిరుగుతాయి. కొత్త క్యామ్ వేస్తే ఇంజిన్ని ఐడిల్‌లో వదలకూడదు. అంటుకున్న వెంటనే నిమిషానికి రెండు వేలకు పైగా చుట్ల వేగంలో ఇరవై ముప్పై నిమిషాలు ఉంచాలి. క్రాంక్ చిమ్మే నూనె క్యామ్ మీద పడాలంటే అంత వేగం కావాలి. ఆ నూనెలోనూ మెలిక ఉంది. ఉత్ప్రేరక కన్వర్టర్లు పాడవకుండా ఇప్పటి ఇంజిన్ ఆయిళ్లలో జింకు, భాస్వరం పాలు తగ్గించారు. పాత లిఫ్టర్లని అరగకుండా కాపాడేవి అవే. కాబట్టి పాత బళ్ల కోసం ప్రత్యేకంగా తయారయ్యే ఆయిల్ పోయాలి. పెట్రోలు సంగతీ అంతే. 1996 నుంచి అమెరికా రోడ్ల మీద తిరిగే కార్లకి సీసం కలిపిన పెట్రోలు నిషేధం. ఆ సీసమే ఒకప్పుడు వాల్వు సీట్లకి దిండు. ఇప్పుడు హెడ్ పని చేయించేటప్పుడు గట్టి లోహపు సీట్లు వేయిస్తారు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు గొట్టాలు నానిపోతాయి కాబట్టి అవీ మార్చాల్సిందే.

రంగు, మెరుపు

రంగు వేయడం ఒక పూట పని. దానికి సిద్ధం చేయడం కొన్ని నెలల పని. శుభ్రం చేసిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్, దాని మీద మందపాటి ప్రైమర్, ఆపైన పల్చగా వేరే రంగు పొడి చల్లినట్టు ఓ పూత. పొడవాటి చెక్కకి చుట్టిన వాటర్ పేపర్‌తో రుద్దితే ఎత్తులన్నీ తేలిపోతాయి, పల్లాల్లో మాత్రం ఆ రంగు మిగిలిపోతుంది. మిగిలినచోట మళ్లీ పూత, మళ్లీ రుద్దుడు. పక్క రేకు మీద ట్యూబులైటు వెలుగు గీత ఎక్కడా వంకర తిరగకుండా కనబడే వరకూ ఇదే పాట.

1960ల్లో జనరల్ మోటార్స్ లాకర్ రంగులు, ఫోర్డ్, క్రైస్లర్ ఎనామెల్ రంగులు వాడేవి. కొత్త కారు మీద కూడా సన్నటి గరుకు కనబడేది. ఇప్పుడు ఇళ్లలో బేస్‌కోటు, క్లియర్‌కోటు వేసి, వెయ్యి, పదిహేను వందలు, రెండు వేల నంబరు కాగితాలతో తడిపి రుద్ది, బఫ్ చేసి అద్దం చేస్తున్నారు. ఆనాటి షోరూములో ఏ కారూ ఇంత మెరవలేదు. బంపర్ల మీది క్రోముకీ అదే జరుగుతోంది. రాగి పూసి, రుద్ది, గుంటలు నింపి, నికెల్ పూసి, చివర్లో క్రోము పూయడం ఖర్చుతో కూడిన పని కాబట్టి చేయించిన ప్రతివాడూ ఫ్యాక్టరీని మించేలా చేయించుకుంటున్నాడు.

గ్యారేజీలో ప్రాణం ముఖ్యం

* జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరకూడదు. ఎత్తడానికే జాకీ, మోయడానికి స్టాండ్లు ఉండాల్సిందే.
* పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ పొడిని గాలి గొట్టంతో ఊదకూడదు, తడిపి తుడవాలి.
* పాత రంగులో, ఫ్యాక్టరీ అతుకుల్లో సీసం ఉంటుంది. రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.
* ఇప్పటి క్లియర్‌కోటు గట్టిపడటానికి కలిపేది ఐసోసైనేట్లు. ఊపిరితిత్తులకి ఇవి పడవు. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేనివాళ్లు ఈ ఒక్క పనీ పెయింట్ షాపుకి వదిలేయడం మేలు. ఇంట్లో స్ప్రే చేయడానికి స్థానిక నిబంధనలు ఒప్పుకొంటాయో లేదో కూడా ముందే కనుక్కోవాలి.
* తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే చంపేస్తుంది.

పరుగెత్తడం సరే.. ఆగడం?

అసలు కారుకి పూర్తిగా విధేయంగా ఉండటం ప్రమాదమయ్యే చోటు ఒకటుంది. 1966 వరకూ చాలా బళ్లలో బ్రేకు మాస్టర్ సిలిండర్ ఒకే గదితో ఉండేది. ఎక్కడ గొట్టం చిట్లినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 మోడళ్ల నుంచే రెండు గదుల సిలిండర్ మామూలైంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే ఉన్న బళ్లు కొండ దిగేటప్పుడు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. భుజం మీదుగా వచ్చే బెల్టు అమెరికాలో 1968 నుంచే తప్పనిసరి. తొలితరం మస్టాంగ్‌లోనైతే పెట్రోలు ట్యాంకు పైకప్పే డిక్కీకి నేల. వెనక నుంచి ఎవరైనా గుద్దితే ట్యాంకుకీ మనుషులకీ మధ్య సీటు వెనక అట్ట తప్ప ఏమీ ఉండదు.

అందుకే ఇంటి మెకానిక్కులు చాలామంది ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, రెండు గదుల మాస్టర్ సిలిండర్, భుజం బెల్టులు బిగిస్తారు. డిక్కీకీ సీటుకీ మధ్య ఇనుప రేకు అడ్డం పెడతారు. పోటీల్లో దీనికి మార్కులు పోతాయి. కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్లే బండికి ఆ మార్కులు దేనికి?

ఎంత కొత్తదైతే అంత పాతదా?

2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిసిమ్మీలో ఒక 1968 మస్టాంగ్ వేలానికొచ్చింది. 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో నడిపిన ముదురాకుపచ్చ కారు అది. రంగు పెచ్చులూడి ఉంది, సొట్టలున్నాయి, షూటింగు కోసం చేసిన మార్పుల ఆనవాళ్లున్నాయి. ఆ రంగునీ రేకునీ ఎవరూ బాగుచేయలేదు. ఖర్చులన్నీ కలిపి సుమారు 37 లక్షల డాలర్లు పలికింది. ఆ గీతలు తుడిచి తళతళలాడించి ఉంటే దాని సాక్ష్యమే పోయేది.

రెండో కొసలో ఇంకో విచిత్రం ఉంది. డైనాకార్న్ అనే కంపెనీ 1967-68 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్‌కీ, 1969 కమారోకీ మొత్తం బాడీనే కొత్త ఇనుముతో తయారుచేసి అమ్ముతోంది. తుప్పు ముక్క లేని బండి కావాలంటే అదొక దారి. కానీ పాత కారు మీద ఫ్యాక్టరీ నంబరున్న రేకు పీకి ఈ కొత్త బాడీకి అతికి, ఇదే ఆ 1967 బండి అని అమ్మడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఇంజిన్ మీద కొట్టిన అంకెలూ బాడీ అంకెలూ ఒకటే అయితే ధర ఎక్కువ పలికేదీ ఇందుకే. ప్రతి భాగమూ కొత్తగా దొరికే లోకంలో ఏది అసలుదో చెప్పగలిగేవి ఆ నాలుగు అంకెలే.

మామూలు మనిషి చేతిలో ఉన్న మామూలు మస్టాంగ్ ఈ రెండు కొసలకీ చెందదు. దాన్ని సినిమా తార నడపలేదు, దాని తుప్పుకి చారిత్రక విలువా లేదు. అలాగని సుద్దగీతలు తిరిగి గీసినంత మాత్రాన పెట్టిన డబ్బూ రాదు. రంగుకి, క్రోముకి, మెషీన్ షాపుకి కట్టినది కూడితే, అదే డబ్బుతో ఎవరో బాగుచేసి పెట్టిన బండి కొనుక్కోవచ్చని చాలామందికి లెక్క తేలుతుంది. అయినా ఆగరు. కొన్న బండిలో కౌల్ బాగుచేసిన సంగతి వాళ్లకి తెలియదుగా మరి!

ఉడ్‌వర్డ్ మీద మనవాళ్లూ..

ఈ బళ్లు గుంపుగా కనబడాలంటే ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ శివార్లలో ఉండాలి. ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానం కోసం నిధులు పోగుచేయడానికి 1995లో మొదలైన ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్, ఇప్పుడు పాంటియాక్ దాకా రోడ్డంతా పాత కార్లతో నింపేస్తుంది. 1960ల్లో కుర్రాళ్లు సిగ్నల్ దగ్గర పందేలు వేసుకున్న రోడ్డే ఇది. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి శివార్లలో స్థిరపడి, కార్ల కంపెనీల్లో పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకి ఇది పక్క వీధి పండగ. పగలంతా ఎలక్ట్రిక్ కారు సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీరు సాయంత్రం రోడ్డు పక్క మడతకుర్చీ వేసుకుని కార్బురేటర్ చప్పుడు వినడం అక్కడే కుదురుతుంది.

మన దేశంలో ఈ అభిరుచికి చట్టం ఈమధ్యే ఓ చోటు చూపించింది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అన్న అక్షరాలుంటాయి. కొత్త నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత తిరిగి నమోదుకి 5,000. ప్రదర్శనలకి, ర్యాలీలకి తీసుకెళ్లొచ్చు గానీ రోజువారీ తిరుగుడుకీ, వ్యాపారానికీ వాడకూడదు. పెరట్లో తాతగారి అంబాసిడరో, ఫియటో ఉన్నవాళ్లకి అయస్కాంతం పరీక్ష, జిప్ కవర్ల పద్ధతి అక్షరాలా పనికొస్తాయి.

మరి మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఏం కొనాలి? పోటీ బహుమతి లక్ష్యమైతే అన్ని నంబర్లూ కలిసిన బండి వెతుక్కోవాలి, దాని వెనక పెద్ద మూట ఉండాలి. సూపర్‌మార్కెట్ ముందు నిశ్చింతగా నిలిపి వెళ్లగలిగే బండి కావాలంటే దారి వేరు. పెద్ద పేరున్న ఇంజిన్ ఉందని చిల్లులు పడ్డ బాడీ కొనడం కన్నా, ఆరు సిలిండర్ల సాదా ఇంజిన్‌తో, మంచి నేల రేకుతో ఉన్న కారు కొనుక్కోవడమే తెలివి. వి-8 ఇంజిన్, దాన్ని మోసే స్ప్రింగులు, బ్రేకులు కేటలాగులో ఉన్నాయి, డబ్బు కూడినప్పుడు మార్చుకోవచ్చు. కుళ్లిన కౌల్‌తో ఇంటికొచ్చిన బండి మాత్రం ఇంజిన్ దాకా చేరనివ్వకుండా మొదటి చలికాలంలోనే మనసు విరిచేస్తుంది.